నా పేరుకి దీర్ఘాలొద్దు

మార్చి 3, సోమవారం

ఇవాళ చెప్పేశాను. వచ్చే నెల మొదటి వారం దాటాక పనిలోకి రానని, వీధి చివర షట్టరు గది అద్దెకి తీసుకున్నానని, నా ఆల్టరేషన్ షాపు నేనే పెట్టుకుంటున్నానని మా పెద్దావిడకి మొహం మీదే చెప్పేశాను. మొహం మీద అంటే, ఆవిడ అటు తిరిగి బటన్లు ఏరుకుంటుంటే వీపు మీద. ఎలాగైతేనేం, చెప్పాను కదా.

నేను ఊహించిన గొడవేమీ జరగలేదు. ఆవిడ బటన్ల డబ్బాకి మూత పెట్టి, "పెట్టుకో చిన్నా, ఎవరొద్దన్నారు. పేరు మాత్రం నాది పెట్టకు" అంది.

"మీదేంటండీ, నా పేరూ అదేగా."

"నీ పేరు చిన్న" అంది.

అన్యాయం ఏమిటంటే, అది నిజం. పనిలో చేరిన మొదటి రోజే తేల్చేసింది. ఈ షాపులో ఆ పేరు ఒకటి ఉంది, ఇద్దరుంటే వచ్చేవాళ్లు తికమకపడతారు, నువ్వు చిన్నదానివి కాబట్టి చిన్న. అప్పుడు నిజంగానే చిన్నదాన్ని. ఇప్పుడు ఆవిడ కంటే జానెడు పొడుగు. నడుము సంగతి సరేసరి, టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది కాబట్టి అబద్ధం చెప్పలేను. అయినా చిన్ననే.

పైగా ఆ బోర్డు. బోర్డు రాసింది మా నాన్నే. ఎర్ర రంగుతో చారెడేసి అక్షరాల్లో పెద్దావిడ పేరు, పక్కన ఆల్టరేషన్స్. కింద కుడివైపు మూలన వేలిగోరంత అక్షరాల్లో మళ్లీ అదే పేరు, పక్కన ఆర్ట్స్. ఆ మూలనున్నది నేను. నేను పుట్టినప్పటి నుంచి నాన్న ఏ బోర్డు రాసినా మూలన నా పేరే సంతకం పెడతాడు. బేకరీ బోర్డు మూలన నేనే, పళ్ల డాక్టరు బోర్డు మూలన నేనే, తాళాల షాపు మూలన నేనే. ఒకే బోర్డు మీద పెద్దగా ఆవిడ, చిన్నగా నేను. దాన్ని చూసే ఆవిడ నాకీ బిరుదు ఇచ్చిందేమో, ఎవరికి తెలుసు.

మార్చి 4, మంగళవారం

పేరుతో ఏముంది. పని బాగుంటే చాలు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నారు. దీని గురించి ఇక ఆలోచించను.

మార్చి 5, బుధవారం

రోజంతా అదే ఆలోచించాను. ప్యాంటు అంచు మడవమని ఇస్తే కత్తిరించబోయాను. పెద్దావిడ కళ్లతోనే ఆపింది.

రాత్రి భోజనాల దగ్గర ఈయన సలహాలు మొదలుపెట్టారు. "కొత్త ఆల్టరేషన్స్ అని పెట్టు."

"రెండేళ్లు పోతే పాతబడదా?"

"అప్పుడు పాత ఆల్టరేషన్స్ అని మార్చు. మామయ్యగారు ఇంట్లోనే ఉన్నారుగా, రాయించుకోవచ్చు."

స్కూలు వ్యాను నడిపి నడిపి ఈయనకి పిల్లల హాస్యం అబ్బింది. మా పిడుగు మాత్రం పడీ పడీ నవ్వింది. దానికి పన్నెండేళ్లు, వాళ్ల నాన్న ఏమన్నా నవ్వే వయసు ఇంకో సంవత్సరం మిగిలి ఉంటుంది.

"పోనీ, నీ పేరే ఇంకోటి పెట్టుకో" అన్నారు ఈయన, మజ్జిగ పోసుకుంటూ. నవ్వులాటకే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నిజంగానే, నా పేరుతో నన్నెవరు పిలుస్తున్నారు? ఈయన "ఇదిగో" అంటారు. పెళ్లైనప్పటి నుంచి ఇదిగోనే, కోపమొస్తే "ఇదిగో నిన్నే". నాన్నకి "అమ్మడూ". పిడుగుకి అమ్మ. పెద్దావిడకి చిన్న. షాపుకొచ్చే వాళ్లకి "ఏమమ్మా". కుట్టించుకుని బీరువాలో దాచిన గౌనులా నా పేరు మడత నలగకుండా ఉండిపోయింది. తీసి వేసుకుందామంటే అదే గుడ్డతో కుట్టించుకున్న పెద్దావిడ ఎదురుగా ఉంది.

ఊళ్లో అందరికీ పేర్లు పెట్టే మనిషిని. నాకు నేను ఒకటి పెట్టుకోలేనా?

ఇది షాపు కోసం మాత్రమే. రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 8, శనివారం

నేనూ పిడుగూ తలుపేసుకుని పేర్లు వెతికాం. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, షాపులో ఇంకా బల్ల కూడా లేదు, మేం పేర్లలో మునిగిపోయాం.

పువ్వుల పేర్లు మొదట కొట్టేశాం. పువ్వు పేరు పెట్టుకోవాలంటే చిన్నప్పుడే పెట్టుకోవాలి, ఈ వయసులో వాడిన పువ్వంటారు. నదుల పేర్లు బాగున్నాయి గానీ నాకు నీళ్లంటే భయం. మబ్బు మీద ఒక పేరు చాలా నచ్చింది. పిడుగు గట్టిగా పిలిచి చూసింది. అందులో ఒత్తక్షరం ఉంది. మన వీధిలో ఎవరి నోట్లోనూ ఒత్తక్షరం బతకదు, వారం తిరక్కుండా అందరూ మేకా మేకా అంటారు. పొద్దున్నే "ఏం మేకా, జిప్పు వేశావా" అని అడిగించుకోవడం నా వల్ల కాదు.

ఇంకోటి దాదాపు ఖాయం చేశాం. కాస్త నాజూగ్గా, చివర్న సాగదీసినట్టుంటుంది. సాయంత్రం మేడ మీద నుంచి ఎదురింటావిడ అదే పేరుతో అరిచింది. వాళ్ల కుక్క తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"కుక్క ఎంత సంతోషంగా ఉందో చూడమ్మా, ఆ పేరుతో" అంది పిడుగు.

మార్చి 10, సోమవారం

పేరు అలవాటవ్వాలంటే వాడి చూడాలి కదా అని పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో ఒక కొత్త పేరు చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. హాయిగా కుర్చీలో కూర్చుని పత్రిక తిరగేశాను. కాసేపటికి లోపల్నుంచి ఒక పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. ఎవరబ్బా ఈ మహాతల్లి, అంత చెవుడా అని అందరితో పాటు నేనూ తల తిప్పి చూశాను.

నా వంతు పోయింది. పన్ను ఇంకా సలుపుతోంది. ఆ పేరు నాది కాదని తెలిసింది, అదొక్కటే లాభం.

మార్చి 12, బుధవారం

దొరికింది.

బస్సులో దొరికింది. నా వెనక సీట్లో ఒకావిడ ఫోన్లో ఎవరి మీదో కేకలేస్తోంది. "మీరెన్ని చెప్పినా లాభం లేదు, ఆవిడ వస్తే గానీ ఆ పని అవ్వదు" అని. "ఆవిడ" అనలేదు, పేరు పెట్టి చెప్పింది. ఎవరో నాకు తెలియదు. ఏం పని చేస్తుందో, ఎక్కడుంటుందో తెలియదు. ఆ మనిషి వస్తే పనులవుతాయి, రాకపోతే నలుగురూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ పేరు విన్నప్పుడు నాకు అలాంటి మనిషిని కావాలనిపించింది. అసలు నేను అలాంటి మనిషినే, పేరే ఇన్నాళ్లూ తోడు రాలేదనిపించింది.

దిగాల్సిన చోటు దాటిపోయాను. వెనక్కి నడుస్తూ దారంతా నోట్లోనే పలుకుతూ వచ్చాను. మూడే అక్షరాలు. ఒత్తుల్లేవు. మధ్యక్షరానికి చిన్న గుడి. ఠక్కున మొదలై ఠక్కున అయిపోతుంది.

ఇక్కడ మాత్రం రాయను. రాస్తే ఊరికి చాటింపు వేసినట్టే ఉంటుంది. ప్రస్తుతానికి దాన్ని "అది" అనుకుందాం.

మార్చి 13, గురువారం

అది ఇవాళ కూడా బాగానే ఉంది.

మార్చి 15, శనివారం

ఈయనకి చెప్పాను. పెదవుల మీద రెండు సార్లు తిప్పి చూసుకుని, "బాగుంది. నాకైతే ఇబ్బందేం లేదు, నువ్వు ఏ పేరు పెట్టుకున్నా నాకు ఇదిగోవే" అన్నారు.

పిడుగుకి చెప్పాను. "స్కూల్లో అమ్మ పేరు అడిగితే ఏది చెప్పాలి?" అంది. కొత్తదే చెప్పమన్నాను. అప్పుడు అర్థమైంది, ఇది షాపు కోసం కాదు. షాపు కోసమైతే పిల్ల స్కూల్లో ఎందుకు చెప్పాలి? సరే, నాకోసమే. నాకు కావాలి. కాగితాల్లో కూడా మార్పించుకుంటాను.

"మామయ్యగారికి చెప్పావా?" అని అడిగారు ఈయన.

"చెప్తాను."

ముందు గదిలో నాన్న రేడియో వింటున్నాడు. కాలు మీద కాలేసుకుని, చేతిలో బ్రష్షు లేకపోయినా వేలితో మోకాలి మీద ఏవో అక్షరాలు రాసుకుంటున్నాడు. ఆయన పెట్టిన పేరు. పెట్టి ఊరుకోలేదు, జీవితమంతా వీధి వీధీ తిరిగి బోర్డుల మూలల్లో రాసుకుంటూ పోయాడు. ఏ తండ్రి చేశాడట అలా? ఇప్పుడు వెళ్లి, నాన్నా ఈ పేరు నాకు సరిపోవడం లేదు, వేరేది చూసుకున్నాను అని చెప్పాలి. సైజు మార్చడానికి నా దగ్గరకొచ్చే వాళ్లు ఎంత తేలిగ్గా చెప్తారో ఆ మాట!

రేపు చెప్తాను.

మార్చి 18, మంగళవారం

చెప్పడానికే వెళ్లాను.

నాన్న ఈయన వ్యాను వెనకాల స్టూలు మీద నిలబడి రాస్తున్నాడు. "పిల్లలున్నారు, దూరంగా ఉండండి." పాతది వెలిసిపోయిందని మళ్లీ దిద్దుతున్నాడు. డెబ్బై దాటాక కూడా చెయ్యి వణకదు, ఆ స్టూలు మాత్రం వణుకుతుంది. నేను రంగు డబ్బా పట్టుకున్నాను.

"నాన్నా, ఒక మాట."

"ఆ సున్నాలు చూడు అమ్మడూ. మూడూ సమానంగా వచ్చాయా?"

"వచ్చాయి."

"వెనక్కెళ్లి చూడు. దగ్గరుంటే అన్నీ బాగానే కనపడతాయి."

వెనక్కెళ్లి చూశాను. బాగానే వచ్చాయి. నాన్న కిందకి దిగి, తుడుచుకుని, మళ్లీ ఎక్కి కింద మూలన వేలిగోరంత సంతకం పెట్టాడు. నా పేరు. చూడకుండానే రాసేస్తాడు, మనం చెప్పులు తొడుక్కున్నట్టు.

"ఏంటో మాట అన్నావు?"

"టీ తాగుతావా అని."

"అది కూడా అడగాలా?" అన్నాడు.

మార్చి 20, గురువారం

బోర్డు ప్రింటింగ్ షాపుకి ఇచ్చేశాను. కొత్త పేరుతో. వచ్చేవారం ఇస్తాడట.

నాన్న చేతే రాయించాలనే ఉంది. కానీ ఆయనకి కళ్లు ఇదివరకట్లా లేవు, నిచ్చెనలెక్కే వయసు కాదు, కాలు జారితే ఎవరు చూస్తారు. ఆయన మంచి కోసమే ఇచ్చాను.

మార్చి 22, శనివారం

మంచి కోసమట! నా మొహం.

ఆ ప్రింటింగ్ షాపతను ఒకప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ వెళ్లాను. పొద్దున్న నాన్న రేడియోకి బ్యాటరీలు కొనుక్కోవడానికి అటు వెళ్తే అతను బయటికొచ్చి, "గురువుగారూ, మీ అమ్మాయి షాపు బోర్డు రెడీ అవుతోంది, ఆ పేరెవరిదండీ?" అని అడిగాడట. ఇదంతా పిడుగు చెప్పింది, పక్కనే ఉందిట.

"తాతయ్య ఏమన్నారు?"

"ఏమనలేదు. బ్యాటరీలు కొనకుండా వచ్చేశారు."

నాన్న ముందు గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి పిలిస్తే పలకలేదు. ఈయన పిలిస్తే వచ్చి తిన్నాడు. అల్లుడితో వాతావరణం గురించి మాట్లాడాడు. నా వైపు చూడలేదు.

మార్చి 23, ఆదివారం

మాట్లాడలేదు.

మార్చి 24, సోమవారం

మాట్లాడలేదు. నాకేం బాధగా లేదు.

మార్చి 25, మంగళవారం

పప్పులో ఉప్పెక్కువైందని పిడుగుతో కబురు పంపాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. నేను నాలుగుసార్లు రుచి చూశాను. నాలుగోసారి నిజంగానే కొంచెం ఉప్పగా అనిపించింది, కానీ అప్పటికి ఏడుస్తున్నాను కాబట్టి లెక్కలోకి రాదు.

ఇంత చేసి ఏం సాధించాను? పాత పేరుతో ఎవరికేం నష్టం జరిగింది? రేపు ప్రింటింగ్ షాపుకెళ్లి ఆపమని చెప్తాను. చిన్న ఆల్టరేషన్స్ అని పెట్టుకుంటాను. ఎలాగూ అందరికీ అలవాటే.

మార్చి 26, బుధవారం

వెళ్లలేదు. వెళ్లాల్సిన పని లేకపోయింది. అన్నీ వరసగా రాస్తాను.

పొద్దున్న మిషన్‌కి నూనె వేస్తుంటే నాన్న వచ్చి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వాడికిచ్చావా బోర్డు?" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

నేను తల వంచుకున్నాను.

"తలకట్టు పెట్టడం రాని వాణ్ణి చెయ్యి పట్టుకుని దిద్దించా. ఇప్పుడు మీట నొక్కితే బోర్డు ఊడిపడుతుంది వాడికి. నా కూతురు నా మంచం పక్క నుంచి నడుచుకుంటూ వెళ్లి వాడికిచ్చి వచ్చిందా! వీధిలో ఎవరికైనా చెప్తే నవ్విపోతారు. బేకరీ వాడి మనవడు కూడా నన్నే అడుగుతాడు. నువ్వు వాడి దగ్గరికి వెళ్లావు."

"నీకు కోపం బోర్డు గురించా?" నోరు జారింది.

"మరి దేని గురించి?"

"పేరు గురించి అనుకున్నాను."

"పేరుదేముంది" అని చెయ్యి విసిరాడు. విసిరిన చెయ్యి మోకాలి మీద పెట్టుకుని వేలితో ఏదో అక్షరం రాసుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "షాపుకేనా, నీకు కూడానా?"

నూనె డబ్బా మూత బిగించాను. "నాకు కూడా నాన్నా. కాగితాల్లో కూడా."

నాన్న కిటికీలోంచి వ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నాను.

"నాకెందుకు బాధ? ఆ పేరు నీదనుకుంటున్నావా?"

"మరి?"

"అది నా షాపు పేరు. నువ్వు పుట్టక ముందే పెట్టుకున్నా. బ్రష్షు పట్టిన కొత్తలో, మూలన రాసుకోవడానికి కుదురుగా ఉండే అక్షరాలు వెతికి వెతికి పెట్టుకున్నా. తర్వాత నువ్వు పుట్టావు. ఆస్పత్రిలో పాప పేరేంటని అడిగారు. నాకు రెండు బోర్డులు ఆగిపోయి ఉన్నాయి, కూర్చుని ఇంకోటి ఆలోచించే తీరికెక్కడిది? ఉన్నదే ఇచ్చా."

"షాపు పేరు నాకు పెట్టావా!"

"వాడుకున్నావుగా ఇన్నాళ్లూ. ఇక అక్కర్లేదంటే నాకొదిలెయ్. నా సంతకం నాకుంటుంది. నీకేది నచ్చితే అది పెట్టుకో." లేచి నిలబడ్డాడు. "నమ్మకపోతే గడియారాల షాపు బోర్డు చూసుకో. నువ్వు పుట్టక ముందు రాసింది. మూలన సంతకం ఉంటుంది, పక్కన సంవత్సరం ఉంటుంది."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "బోర్డు మాత్రం నేను రాస్తా. వాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు. గట్టిగా చెప్పు."

మార్చి 27, గురువారం

నాకు చాలా కోపంగా ఉంది.

నెలంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. పళ్లెంలో కన్నీళ్లు కార్చాను. తీరా చూస్తే నాకిచ్చింది వాడేసిన పేరు! అక్క బట్టలు చెల్లెలికి తొడిగినట్టు. పైగా నాకు అక్క కూడా లేదు, బోర్డులు ఉన్నాయి.

కన్నకూతురికి పేరు ఆలోచించడానికి తీరిక లేదట. సున్నా గుండ్రంగా రాలేదని ఒక పూటంతా తుడిచి తుడిచి రాసే మనిషికి!

పెద్దావిడ అడిగింది, ఏం చిన్నా మొహం గంటు పెట్టుకున్నావని. ఏమీ లేదన్నాను. ఆ పేరు మీద ఇంత కోపం వచ్చింది గనక ఆవిడ మీద జాలి కూడా వేసింది, ఆవిడ ఇంకా దాంతోనే బతకాలి.

మార్చి 28, శుక్రవారం

ఈయన వ్యాను కడుగుతూ అన్నారు. "మామయ్యగారు నిజమే చెప్పారంటావా?"

"అబద్ధం చెప్పే అవసరమేంటి?"

"ఏమో. మన పెళ్లైన కొత్తలో నాతో అన్నట్టు గుర్తు. అమ్మడు పుట్టిన రోజు నుంచి సంతకం మార్చానల్లుడూ, అంతకు ముందు నా పేరే రాసేవాణ్ణి అని."

"మీకు గుర్తుండే సంగతులు నాకు తెలుసు. నిన్న కూరగాయల సంచీ ఎక్కడ పెట్టారో చెప్పండి చూద్దాం."

ఈయన నోరు మూసుకుని టైర్లు కడిగారు.

సాయంత్రం బటన్ల కోసం బజారుకెళ్లాల్సొచ్చింది. గడియారాల షాపు ముందు నుంచి వెళ్తే దగ్గర. తల ఎత్తితే చాలు, మూలన ఏముందో, పక్కన ఏ సంవత్సరముందో తెలిసిపోతుంది. చుట్టు తిరిగి వెనక వీధిలోంచి వెళ్లాను. అటు నీడ ఎక్కువ.

అమ్మ ఉంటే అడిగేదాన్ని. అడిగేదాన్నా? ఏమో.

మార్చి 29, శనివారం

ఇవాళ కూడా వెనక వీధే. నీడ నిజంగానే బాగుంది.

ఏప్రిల్ 1, మంగళవారం

నాన్న రంగు పూసిన రేకు మీద సుద్దతో గీతలు కొట్టి, నన్ను పిలిచాడు. రేకు కొత్తది కాదు, నేను ఫోన్ చేసేలోపే ప్రింటింగ్ షాపు నుంచి వచ్చేసిన బోర్డునే తిరగేశాడు. వాడి అక్షరాలు గోడవైపు తిప్పి పెడితే గానీ మనశ్శాంతి లేదట.

"నీ పేరు చెప్పు."

చెప్పాను. ఆయన ముందు మొదటిసారి పైకి పలికాను. గొంతు పిల్లి గొంతులా వచ్చింది.

నాన్న సుద్దతో రాశాడు. వెనక్కి జరిగాడు. తల అటు వంచాడు, ఇటు వంచాడు. "మధ్యలో గుడి చాలదు. దీర్ఘం పెడదాం."

"దీర్ఘం లేదు నాన్నా ఆ పేరుకి."

"లేకపోతే పెట్టుకోవచ్చు" అని సుద్దతో గీసేశాడు. "మధ్యలో కాస్త బరువుంటే బోర్డుకి అందం. పైగా దూరం నుంచి పిలవడానికి కూడా బాగుంటుంది, ఊపిరి సాగుతుంది."

"నాకు సాగక్కర్లేదు. ఠక్కున ఉండాలి."

"అది కాదమ్మడూ..."

"నాన్నా! నా పేరుకి దీర్ఘాలు తియ్యకు."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ముందు పిడుగు నవ్వింది, తర్వాత నాన్న, తర్వాత నేను. నాన్న నవ్వి నవ్వి దగ్గొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కోపం పోయిందని అప్పుడు తెలిసింది, ఎప్పుడు పోయిందో తెలియలేదు.

సుద్దతో ఉన్న దీర్ఘం తుడిచేశాడు. సణుక్కుంటూనే తుడిచాడు.

ఏప్రిల్ 3, గురువారం

బోర్డు ఆరుతోంది. ఇల్లంతా టర్పెంటైన్ వాసన.

నాన్న దాని చుట్టూ తిరుగుతున్నాడు, చీమ వాలినా ఊదుతున్నాడు. "అమ్మడూ, కిటికీ మూయి." "అమ్మడూ, ఆ గుడ్డ అందుకో." కొత్త పేరుతో పిలుస్తాడేమోనని నేనేం ఎదురుచూడడం లేదు. కన్నవాళ్లకి కొత్త పేర్లు నోరు తిరగవు. అడిగి పిలిపించుకునేది కూడా కాదు. అలాంటి ఆశలేమీ నాకు లేవు.

గుడి మాత్రం కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే తిప్పాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

పెద్దావిడ దగ్గర ఆఖరి రోజు. కత్తెరలు సర్దుకుంటుంటే అడిగింది. "ఇంతకీ ఏం పేరు పెట్టావు?"

ఇంట్లోవాళ్లు కాకుండా మొదటి మనిషికి చెప్పాను. ఆవిడ దాన్ని నోట్లో నాలుగుసార్లు నలిపి చూసింది.

"షాపుకా?"

"నాక్కూడా."

"ఊ. పలకొచ్చు" అంది. చాలాసేపటి తర్వాత, కోటు లోపలి గుడ్డ విప్పుతూ, తల ఎత్తకుండా అంది. "నీ స్థానంలో ఎవరినైనా చూడాలి. ఈసారి పేరు వేరేది ఉన్న మనిషైతే బాగుణ్ణు. నిన్ను ఇన్నేళ్లు చిన్న చిన్న అంటుంటే కొన్నిసార్లు నాకే అదోలా ఉండేది."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వూ చెప్పలేదుగా."

నా మంచి కత్తెర కనపడకపోతే ఆవిడే వెతికి ఇచ్చింది. వీధిలోకొచ్చాక కాస్త కళ్లు తుడుచుకున్నాను. దుమ్ము కాదు, నాకు నిజంగానే బెంగగా ఉంది.

ఏప్రిల్ 7, సోమవారం

తెరిచాం.

ఈయన వ్యాను ట్రిప్పు ముగించుకుని వచ్చి నిచ్చెన పట్టుకున్నారు. నాన్న ఎక్కొద్దంటే వినలేదు. మేకులు తనే కొట్టాడు. దిగి, వీధికి అటువైపుకెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. పిడుగు కూడా పక్కన అలాగే నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. మూలన నాన్న సంతకం ఉంది. ఆ పేరు ఇప్పుడు ఆయనది. పైన మూడక్షరాలు నావి. నీలం మీద తెలుపు, ఎండ పడితే మెరుస్తున్నాయి.

ఈయనా పిడుగూ వెళ్లిపోయారు. నాన్న వెళ్లనన్నాడు. రంగు సరిగ్గా ఆరిందో లేదో చూడాలట, స్టూలు వేసుకుని గుమ్మం బయట కూర్చున్నాడు. నేను లోపల మిషన్ ముందు కూర్చున్నాను. దారం ఎక్కించాను. తీశాను. మళ్లీ ఎక్కించాను. చాలాసేపు ఎవరూ రాలేదు. ఒక్కరు కూడా రాకపోతే అనుకున్నాను. పెద్దావిడ దగ్గరికి వెళ్లే వాళ్లు ఇటెందుకు వస్తారు, చిన్న ఎక్కడికెళ్లిందని ఎవరైనా అడుగుతారా, అడిగినా ఈ బోర్డు మీదున్నది నేనేనని ఎలా తెలుస్తుంది?

అప్పుడు బయట ఎవరో ఆగారు. ఆడగొంతు. మెట్ల దగ్గర నిలబడి బోర్డు కూడబలుక్కుని చదువుతోంది.

"ఈ షాపు ఎవరిదండీ పెద్దాయనా?"

మా అమ్మాయిది అంటాడనుకున్నాను. వ్యాను గురించి ఎవరడిగినా మా అల్లుడిది అంటాడు, పిడుగు గురించి అడిగితే మా మనవరాలంటాడు, ఆయన లోకమంతా ఆయన వాళ్లే.

నాన్న స్టూలు మీంచి లేచిన చప్పుడైంది. గొంతు సవరించుకున్నాడు. నా పేరు చెప్పాడు. నేను పెట్టుకున్న పేరు, దీర్ఘం లేకుండా, ఠక్కున. చెప్పి, చివర "గారు" తగిలించాడు.

"గారు లోపలే ఉన్నారు. చాలా బాగా చేస్తారు. వెళ్లండి" అన్నాడు.

మా నాన్న. నన్ను. గారు, ఉన్నారు, చేస్తారు.

ఆవిడ లోపలికొచ్చి గౌను బల్ల మీద పరిచింది. జిప్పు గురించి ఏదో చెప్తోంది, ఎక్కడ పట్టేస్తోందో వేలితో చూపిస్తోంది. నేను తలూపుతున్నాను. కన్నీళ్లు ఆగడం లేదు. ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు. రేపు మళ్లీ అడగాలి.